నాగప్ప ఎత్తు గుంత

సోమవారం పొద్దున షెడ్డు తెరవకముందే అమానుల్లా సేటు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. కొత్తకోట హైవే పక్కనున్న తన లారీ మెకానిక్ షెడ్డులో కొన్ని మార్పులు చేయాలి. అవి పెద్దమేస్త్రీ నాగప్ప కోసం చేయాలి. కానీ తన కోసమే చేస్తున్నారని నాగప్పకు తెలియకూడదు.

పోయిన వారం జరిగిన సంగతే దీనికి కారణం. నాగప్ప ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని పని చేశాడు. పని అయిపోయింది. డ్రైవరు చాయ్ తాగి వచ్చాడు, అన్నం తిని వచ్చాడు, నాగప్ప మాత్రం బయటికి రాలేదు. "ఏమైంది మేస్త్రీ?" అని వంగి అడిగితే, "పెద్ద రిపేరున్నది, జర ఆగు" అన్నాడు. రిపేరు లారీకి కాదు, ఆయన నడుముకి. పట్టేసిన నడుముతో లేవలేక, ఆ మాట చెప్పుకోలేక, బాగున్న నట్టునే విప్పుతూ బిగిస్తూ పడుకున్నాడు పాపం. చివరికి అమానుల్లా ఏదో వెతుకుతున్నట్టు లారీ కిందికి వంగి, చెయ్యి అందించి బయటికి లాగాడు. ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కానీ నాగప్ప లేని షెడ్డు ఎలా ఉంటుందో అమానుల్లాకు ఆ రోజే మొదటిసారి తట్టింది, అప్పటి నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు.

సేటు కూతురు తస్లీమ్ వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, షెడ్డులో స్పేర్ పార్టుల కౌంటరు చూసుకుంటోంది. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు ఆ తండ్రీకూతుళ్ల అలవాటు.

"నాగప్ప చాచా లారీ కింద పండుకునుడే బంద్ చేయాలె అబ్బా. పొడుగ్గ గుంత తవ్విద్దాం, మెట్లు పెట్టిద్దాం. లారీ పైన నిలబడ్తది, చాచా గుంతల నిలబడి పని చేస్తడు" అంది తస్లీమ్ తండ్రితో. "నీకు గూడ కౌంటరు కాడ ఒక మంచి కుర్చీ తెప్పిస్త."

"నాకెందుకే? నేనేమన్న ముసలోన్నా?" అన్నాడు అమానుల్లా. ఆయన నాగప్ప కంటే రెండేళ్లు పెద్ద.

గుంత లోతు నాగప్ప ఎత్తుకు సరిపోవాలి. వయసు గురించి చిన్న మాటన్నా మూతి ముడుచుకునే మనిషిని నిలబెట్టి కొలవడం ఎవరి తరం? మధ్యాహ్నం నాగప్ప బల్ల మీద కునుకు తీస్తున్నప్పుడు సేటు పిల్లిలా వెళ్లి, పాదాల నుంచి టేపు పరిచాడు. టేపు భుజం దాకా పోయేసరికి నాగప్ప ఒక కన్ను తెరిచాడు.

"ఏం చేస్తున్నవ్ సేటు?"

"ఏం లే... నీకు బట్టలు కుట్టిద్దామని."

"ఊకెనే బట్టలెందుకు?"

"ఊకెనే." అమానుల్లా గబగబా టేపు చుట్టేశాడు. అబద్ధం అతకదని భయపడి ఇంకో రెండు అతికించాడు. "నువ్వు గురువారం దాక రాకు. ఇంటికాడ ఆరాం తీస్కో. గురువారం పొద్దుగాల మాత్రం జర మంచిగ తయారై రా."

ఆ ప్రాంతంలో బస్సు డ్రైవరు గానీ, బడిపంతులు గానీ, ఎవరు పదవీ విరమణ చేసినా పద్ధతి ఒక్కటే. కొత్త బట్టలు పెడతారు. కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి శాలువా కప్పుతారు. మేళంతో ఇంటిదాకా ఊరేగించి దింపుతారు, మర్నాటి నుంచి మరిచిపోతారు. అలాంటి ఊరేగింపుల్లో నాగప్ప ఎన్నోసార్లు ముందు నడిచాడు. బట్టల కొలత, అడగని సెలవు, మంచిగ తయారై రమ్మనడం. ఇంక ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నన్ను దించేస్తుండ్రు" అన్నాడు ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా.

భార్య జములమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "సేటు అన్నడా?"

"అనలే. బట్టలకు కొలత తీసిండు."

జములమ్మ చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. ఇక ఆగలేదు. "ఒక మాట గూడ చెప్పకుండనా? నాలుగు మూరల బట్ట పెట్టి గమ్మున పంపిస్తడా? నీ చెయ్యి పడని లారీ ఉన్నదా ఈ రోడ్డు మీద? పోయేదే అయితే రాజు తీరు పోవాలె నువ్వు!"

ఆమె వెంటనే తమ్ముడు లక్ష్మణ్‌కు ఫోను చేసింది. అతను లారీ డ్రైవరు. "తమ్ముడూ, మీ బావ పని బంద్ చేస్తుండు. గురువారం మేళం కావాలె. నలుగురు డ్రైవర్లకు చెప్పు."

లక్ష్మణ్ నిజాయితీగా నలుగురికే చెప్పాడు. వాళ్లలో ఒకడు గద్వాల వైపు, ఒకడు అచ్చంపేట వైపు పోతున్నారు. దాబా దాబాకీ ఆ వార్త కాస్త పెరిగింది. వడ్డేపల్లి చేరేసరికి నాగప్ప గురువారం తర్వాత నట్లు విప్పే పానా ముట్టనని ఒట్టు వేసుకున్నాడు. అచ్చంపేట చేరేసరికి అసలు ఊరే విడిచిపోతున్నాడు. డ్రైవర్లందరికీ ఒకే ఆలోచన వచ్చింది. దండ వేయడం సరే, ఆ చెయ్యి మళ్లీ దొరకదు కదా! ఏడాదిగా కిర్రుమంటున్న బ్రేకు, ఎవరికీ అంతుపట్టని పొగ, ఒక్క ఎడమ మలుపులోనే మూలిగే, చక్రాల మీది కమాన్ కట్ట... ఎప్పుడో చూద్దాంలే అని వదిలేసిన రోగాలన్నీ అందరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

గురువారం పొద్దున గుంత సిద్ధమైంది. మెట్లు, పట్టుకోవడానికి పైపు, పక్క గోడలకు లైట్లు, చేతికందే ఎత్తులో పానాల అర. తస్లీమ్ అన్నీ సరిచూసుకుంటుంటే అమానుల్లా బయటికొచ్చి రోడ్డు వైపు చూశాడు. చూసి, అక్కడే నిలబడిపోయాడు.

లారీలు. షెడ్డు ముందు నుంచి వరసగా నిలబడి ఉన్నాయి. పత్తి లోడువి, వెదురు లోడువి, ఖాళీవి, ఒకదాని వెనక ఒకటి వనపర్తి రోడ్డు మలుపు దాకా, మలుపు తిరిగాక కూడా. డ్రైవర్లు దండలు పట్టుకుని దిగుతున్నారు. ఆ రోడ్డు పక్కనే ముసలివాడైన అమానుల్లా ఇన్ని లారీలు గొడవేమీ లేకుండా ఆగి ఉండటం ఎన్నడూ చూడలేదు.

"యా అల్లా! గుంత చూడనీకి ఇంత మందొచ్చిండ్రా!" అన్నాడు.

సంతోషం పట్టలేక ముందొచ్చిన డ్రైవర్లను లోపలికి పిలిచి చూపించాడు. "నాగప్ప కోసమే తవ్విచ్చిన! నిద్రపోతుంటే టేపు పెట్టి కొలిచి మరీ తవ్విచ్చిన! ఇగ ఆయనకు ఏ కష్టం ఉండది!"

డ్రైవర్లు మనిషి లోతున్న ఆ పొడుగాటి గుంతను చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు నెత్తిమీది తువ్వాలు తీసేసి, "మేస్త్రీకి గింత పెద్ద జబ్బున్నదని మాకు తెల్వదు సేటు" అన్నాడు. తువ్వాలు మడుస్తూ చెప్పాడు: "మా అమ్మ దవాఖానల ఉన్ననాడు ఘాట్ రోడ్డు మీద నా లారీ ఆగిపోయింది. వానల తడుసుకుంట వచ్చి నడిపిచ్చి పోయిండు. అమ్మను చూసుకున్న. ఆ ఒక్క దినం చాలు నాకు."

అంతలో మేళం వినబడింది. ముందు జములమ్మ, వెనక తెల్ల బట్టల్లో నాగప్ప. ఆయన లారీల వరస పక్కనుంచే నడుచుకుంటూ వస్తున్నాడు. ప్రతి లారీకి అలవాటుగా చెయ్యి తగిలిస్తున్నాడు. ఏ లారీకి ఏ ఊళ్లో ఏం చేశాడో ఆయన చేతికే గుర్తున్నట్టుంది. షెడ్డు చేరేసరికి కళ్లు ఎర్రబడ్డాయి. సంచిలోంచి తన పెద్ద పానా తీసి అమానుల్లా ముందు పెట్టాడు.

"ఇది నీదే సేటు. ఉంచుకో."

"నాకెందుకు?"

"నన్ను దించేస్తున్నవ్ కదా! బట్టలకు కొలత తీస్తివి."

మేళం ఎవరో నొక్కేసినట్టు ఆగిపోయింది. అమానుల్లా పానాను పక్కకు నెట్టాడు. చివరికి అసలు మాట బయటపడింది. "దించుడేంది నాగప్పా! నువ్వు పోతవేమోనని భయమై గీ గుంత తవ్విచ్చిన. ఆ దినం లారీ కింద..." అని ఆగాడు. అందరి ముందూ ఆ మాట చెప్పలేకపోయాడు. నాగప్పకు చెప్పనవసరం లేకపోయింది.

నాగప్ప పైపు పట్టుకుని మెట్లు దిగాడు. లక్ష్మణ్ తన లారీని మెల్లగా గుంత మీదికి తెచ్చాడు. నాగప్ప చెయ్యి ఎత్తాడు. వంగలేదు, పడుకోలేదు, చెయ్యి నేరుగా ఇరుసును తాకింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. 

"ఇన్నేండ్లు లారీ కిందికి నేను దూరిన సేటు" అన్నాడు లోపలి నుంచి. "ఇయ్యాల లారీయే నా చేతికాడికొచ్చింది." తర్వాత చెయ్యి పైకి చాపి, "ఆ పానా ఇటియ్యి. ఊకె నిలబడ్తే పనెట్లయితది?" అన్నాడు.

అప్పుడు మొదలైంది పని. ఒక లారీ దిగితే ఇంకొకటి ఎక్కింది. తెల్ల బట్టలు నల్లబడ్డాయి. నాగప్ప గుంతలో అటూ ఇటూ నడుస్తూ, పాటలు పాడుతూ, డ్రైవర్లను తిడుతూ చేశాడు. జనం పని మరిచి చూశారు, మేళం వాళ్లతో సహా. సాయంత్రానికి వరస మలుపు ఇవతలికి వచ్చేసింది. ఆ ఉత్సాహంలో అమానుల్లా కుర్రాడిలా సామాన్లు అందిస్తూ పరిగెత్తాడు. నేల మీది జాకీ ఎత్తబోయి వంగాడు, వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది సేటు?" అని అడిగాడు నాగప్ప.

"ఏం లే. బోల్టు పడ్డది, దేవులాడుతున్న."

నాగప్ప గుంతలోంచి తొంగి చూశాడు. "పెద్ద రిపేరా?" అన్నాడు మెల్లగా. పైకొచ్చి చెయ్యి అందించాడు. ఎంత లాగినా సేటు సగమే లేచాడు. తండ్రికి చెప్పకుండా తెప్పించి దాచిన మెత్తటి కుర్చీని తస్లీమ్ బయటికి తెచ్చి ఆయనను అందులో దించింది.

"మేళం వచ్చినంక ఊకెనే పంపొద్దు" అంది జములమ్మ. "ఎవర్నో ఒకర్ని ఊరేగించాలె."

తెచ్చిన దండలన్నీ అమానుల్లా మెడలో పడ్డాయి. శాలువా కప్పారు. వద్దని అరుస్తున్నా వినకుండా డ్రైవర్లు కుర్చీతో సహా ఎత్తి, మేళంతో ఇంటిదాకా తీసుకెళ్లి దింపారు. ముందు నడిచింది నాగప్పే.

మర్నాడు పొద్దున సేటు నడుము పట్టుకుని షెడ్డుకొచ్చాడు. "రిటైరైనోళ్లకు ఈడ పనేంది సేటు?" అని గుంతలోంచి వినబడింది. ఆయన వినబడనట్టు కౌంటరు పక్కన కుర్చీలో కూర్చుని, కాసేపు అటూ ఇటూ కదిలి, "కుర్చీ ఎత్తు తక్కువున్నది. ఈ షెడ్డుల పెద్దోళ్ల గురించి ఎవ్వరు ఆలోచన చేయరు" అని సణిగాడు.

ఎత్తు సరిచేద్దామని తస్లీమ్ టేపు తీయగానే మాత్రం, ఆ పట్టేసిన నడుముతోనే, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డాడు.