ఏడో సూది

నీళ్ల ఆఫీసు గుమాస్తాకు ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం ఉండేది. కాలిబంతులు చేత్తో కుట్టేవాళ్లు బతికున్నంతకాలం కుడతారా, మధ్యలో ఎక్కడో వదిలేస్తారా? దేవుణ్ణి రోజూ ఏవేవో అడిగేవాడు గానీ, ఇంత చిన్న సంగతి అడగడానికి మాత్రం మొహమాటపడేవాడు.

కాలిబంతి అంటే పిడికిట్లో ఇమిడే గుడ్డబంతి. ముప్పైరెండు ముక్కలు కత్తిరించి, కలిపి కుట్టి, లోపల ఆవగింజలంత ఇనుప గుండ్లు నింపాలి. ఆ తర్వాత నలుగురూ గుండ్రంగా నిలబడి, చెయ్యి తగలకుండా, కింద పడకుండా పాదాలతో ఎగరేయాలి. అంతే. యంత్రం కుట్టినవి బజార్లో చవగ్గా దొరుకుతాయి. ఆయనతోపాటు నేర్చుకున్న ఐదుగురిలో ఒకరికి మోకాలు మొరాయించింది, ఒకరికి మనవలు పుట్టారు, మిగతా ముగ్గురికీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆయనకు మిగిలింది చత్వారం ఒక్కటే.

ఆ ఆదివారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా మామూలుది. స్నానం, దణ్ణం, టీ, ఆపైన కిటికీ దగ్గర కొత్త బంతికి మొదటి ముక్క. సాయంత్రం నాలుగింటికి పైవీధి జట్టుతో పోటీ ఉంది. దానికి కావలసిన మూడు బంతులూ ముందు రోజే హడావుడిగా ముగించి, జట్టులోని ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చేశాడు. తీరిగ్గా సూదుల దిండు తీసి లెక్కపెట్టాడు. ఆరున్నాయి.

కళ్లజోడు తుడుచుకుని లెక్కపెట్టాడు. కళ్లజోడు తీసేసి లెక్కపెట్టాడు. ఆరే.

ఉండవలసినవి ఏడు. తొమ్మిదేళ్ల కిందట ఒక సూది ఆయన భార్య తలదిండులో తేలింది. ఆ రోజే ఆవిడ నియమం పెట్టింది: ప్రతి ఆదివారం పన్నెండింటికి సూదుల లెక్క, ఒక్కటి తగ్గినా ఈ ఇంట్లో బంతుల కుట్టు శాశ్వతంగా బంద్. ఆయన దేవుడి ఎదుట ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఎనిమిదిన్నర.

సూది ఎక్కడికి పోతుంది? గుండ్లు పోసేటప్పుడు అంచుకు గుచ్చిన సూది జారి లోపల పడి ఉంటుంది. దాని మీద తనే శుభ్రంగా కుట్టేసి ఉంటాడు. ఆ బంతిని ఎవరైనా బలంగా తన్నితే? ఆ ఊహకే అరికాలు జలదరించి, జట్టు నాయకుడైన డ్రిల్లు మాస్టారికి ఫోను చేశాడు.

"మాస్టారూ, బంతిని తన్నకండి!"

"తన్నక ముద్దుపెట్టుకోమంటావా?"

"అది కాదండీ. నేనిచ్చిన మూడింట్లో ఏదో ఒకదాంట్లో నాదొక వస్తువు పడిపోయింది."

"ఏం వస్తువయ్యా?"

సరిగ్గా అప్పుడే భార్య టీ గ్లాసు కోసం వచ్చి పక్కన నిలబడింది. గుమాస్తా గొంతు సగానికి తగ్గింది. "చిన్నదండీ. మెరుస్తూ ఉంటుంది. పన్నెండులోపు దొరక్కపోతే ఇంట్లో నా పని ఆఖరు."

"ఆవిడ పక్కనే ఉందా?"

"ఆఁ."

"అర్థమైంది. ఇంకొక్క ముక్క మాట్లాడకు," అని మాస్టారు ఫోను పెట్టేశాడు. పెట్టిన మరుక్షణం జట్టులో మిగతా ఇద్దరికీ, పళ్ల డాక్టరుకూ నర్సమ్మకూ, చేశాడు. గుమాస్తా పెళ్లి ఉంగరం బంతిలో పడిపోయిందనీ, మధ్యాహ్నంలోపు దొరక్కపోతే కాపురం కూలిపోతుందనీ చెప్పాడు.

కాపురం నిలబెట్టే పనికి ఎవరు వెనకాడతారు? మాస్టారు తన బంతిని బ్లేడుతో కోసి, టీ వడపోసే జల్లెడలో గుండ్లు పోసి జల్లించాడు. పళ్ల డాక్టరు తన బంతిని ఎక్స్‌రే కింద పెట్టాడు. ఇనుప గుండ్లన్నీ కలిసి తెల్లటి ముద్దలా కనబడ్డాయి. ఆయన పళ్ల విషయంలో ఎంత ఓపికున్న మనిషో బంతి విషయంలో అంత తొందరపాటు మనిషి, వెంటనే కోసేశాడు. నర్సమ్మ తన బంతిని నిలువునా చీల్చి, బంగారం అంటుకోదు కదా అని అయస్కాంతంతో గుండ్లన్నీ లాగేసింది. కింద ఏమీ మిగల్లేదు. పదకొండింటికి ముగ్గురూ చీలిన బంతులూ, సంచుల్లో గుండ్లూ పట్టుకుని గుమాస్తా ఇంటికి వచ్చారు.

తలుపు తీసింది ఆయన భార్య.

"అమ్మా, మీరు కోప్పడకూడదు," అన్నాడు మాస్టారు. "ఉంగరం దొరకలేదు. కానీ మనిషి మంచివాడు."

"ఏ ఉంగరం?"

"పెళ్లిదే!"

"ఈయన వేలు లావయ్యాక అది నా బీరువాలోనే ఉంది కదండీ. ఏమండీ, ఇలా రండి. ఎవరి ఉంగరం పోగొట్టారు?"

గుమాస్తా గోడకు ఆనుకున్నాడు. "ఉంగరం కాదే. సూది. ఏడో సూది. ఒక్కటి తగ్గినా కుట్టు బంద్ అని నీ నియమం కదా."

పళ్ల డాక్టరు తన చీలిన బంతిని మెల్లగా వెనక దాచుకున్నాడు.

భార్య సూదుల దిండు తెమ్మనలేదు. లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల పందొమ్మిది ముక్కల దాకా కుట్టిన సగం బంతి ఉంది. దానికి వేలాడుతూ ఏడో సూది ఉంది.

"నిన్న నా సూది విరిగితే మీది తీశా. పొద్దున పెట్టేద్దామనుకుని మర్చిపోయా," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "పెళ్లయిన కొత్తలో నాకో బంతి కుట్టి ఇస్తానన్నారు. ముప్పయ్యొక్కేళ్లు చూశా. ఊళ్లోవాళ్లందరికీ కుట్టారు. ఇక నా వంతు రాదని నేనే మొదలెట్టా."

"అయితే లెక్క తప్పింది మీ చేతుల్లోనే అన్నమాట," అన్నాడు మాస్టారు, విజిలు ఊదినంత సంబరంగా. "మరి నియమం ప్రకారం?"

"నియమం ప్రకారం ఈ ఇంట్లో కుట్టు బంద్. నాతో సహా." ఆవిడ పందొమ్మిది ముక్కల వంక చూసుకుంది. ఇంకా పదమూడు కావాలి. "ఆ నియమమే ఈ పూట నుంచి బంద్."

గుమాస్తా కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా చీలిన బంతులు మూడూ, గోడ మీద గడియారమూ కనబడ్డాయి.

"నేనొక్కణ్ణీ నాలుగింటిలోపు కుట్టలేను," అన్నాడు.

"ఒక్కరే కుట్టమని ఎవరన్నారు? సూదులు ఏడున్నాయి, మనం ఐదుగురం," అని భార్య చాప పరిచింది.

డెబ్బై నాలుగేళ్ల మాస్టారు జన్మలో సూది పట్టలేదు. మొదటి కుట్టు తన లుంగీకి కలిపి కుట్టుకున్నాడు. పళ్ల డాక్టరు కుట్లు ముత్యాల్లా వేశాడు గానీ, అలవాటు కొద్దీ ప్రతి కుట్టుకూ బంతిని "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. నర్సమ్మ వేసిన ముడిని విప్పడం దేవుడి తరం కూడా కాదు. గుమాస్తాకు సూదిబెజ్జం కనబడక తడుముకుంటుంటే, భార్య దారం ఎక్కించి అందించింది. మధ్యాహ్నం భోజనం సంగతి మూడున్నరకు గాని ఎవరికీ గుర్తురాలేదు.

పైవీధి జట్టు యంత్రం బంతితో అరవై ఒక్క తన్నుల దాకా నిలిపింది. వీళ్లు తెచ్చిన బంతిని చూసి, "ఏంటి మాస్టారూ, దీనికి ఆపరేషనైందా?" అని నవ్వారు. మాస్టారు లుంగీ మడిచి కట్టాడు. ఆపరేషనైన బంతి ఎనభై నాలుగో తన్నుకు గాని కింద పడలేదు. మైదానమంతా ఈలలు. భార్య గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరిచింది.

ఆ రాత్రి ఇళ్లకు పట్టుకెళ్లిన సూదులు మర్నాడు అడిగితే ముగ్గురూ తిరిగి ఇవ్వలేదు. ఇంకో బంతి మొదలెట్టాం, సగంలో ఉంది, అది అయ్యాక చూద్దాం అన్నారు. అది ఎప్పటికి అవుతుందని గుమాస్తా అడగలేదు. దేవుణ్ణి కూడా అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారానికి ఆయన, భార్య మెచ్చిన నీలం గుడ్డతో ముప్పైరెండు ముక్కల బంతి ముగించి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, జీవితంలో మొదటిసారిగా, బలమంతా పెట్టి తన్నింది. ముప్పయ్యొక్కేళ్ల బాకీ తీరి, బంతి నేరుగా అటక మీదికి వెళ్లింది. అంత ఎత్తు నిచ్చెన ఆ ఇంట్లో లేదు.