మొక్క నాటడానికి చెట్టు అడ్డం

పచ్చగా నిలబడ్డ చెట్టే పర్యావరణానికి మొదటి శత్రువు! నవ్వకండి, ఆలోచించండి. నిలబడ్డ చెట్టు దగ్గర ఎవరైనా సభ పెడతారా? రిబ్బన్ కడతారా? ముఖ్య అతిథిని పిలుస్తారా? దాని పాటికి అది నీడ ఇస్తూ ఊరుకుంటుంది. జనం దాని కింద చేరి ప్రకృతి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా ఆవకాయ గురించి మాట్లాడుకుంటారు. అదే చెట్టును కొట్టేసి చూడండి. మర్నాటి నుంచి అందరికీ చెట్టు ధ్యాసే!

ఈ సత్యాన్ని ఢిల్లీలో అందరికన్నా ముందు కనిపెట్టిన ఘనత మన సాలొమోను గారిది. ఏషియాడ్ క్రీడలు వస్తున్నాయని ఊరంతా రంగులు పులుముకుంటున్న ఎనభై రెండు వేసవి అది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. సొంత ఊరు నరసాపురం, అద్దె ఇల్లు మునిర్కాలో. ఆదివారం వస్తే మడత నలగని తెల్లచొక్కా, చంకలో బైబిలు. ఆయన ప్రార్థనకు లేచాడంటే తల్లులు ముందుజాగ్రత్తగా పిల్లల చేతికి బిస్కెట్లు ఇచ్చేవారు.

మునిర్కాకు దగ్గరలోనే చర్చి. పొద్దున్నే ఇంగ్లీషువాళ్ల ఆరాధన, తర్వాత హిందీవాళ్లది, ఆ తర్వాత మలయాళీలది. అందరూ వాడుకోగా మిగిలిన మధ్యాహ్నం రెండింటి వేళ తెలుగువాళ్లకు దక్కింది. జూన్ నెల, ఢిల్లీ, మధ్యాహ్నం రెండు! నరకం గురించి వేరే ప్రసంగం కావాలా? మలయాళీల చివరి పాట అయ్యేదాకా మనవాళ్లు బయట ఆవరణలో ఆగాలి. ఆవరణ మొత్తం సిమెంటు. నడిమధ్యన మాత్రం గుండ్రంగా కాస్త మట్టి, ఆ మట్టిలో ఒక ముసలి నేరేడు చెట్టు.

ఆ చెట్టు కింద ఏం జరిగేదో చెబితే మీరే ఛీ అంటారు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో దిగిన ఆవకాయ జాడీలు చేతులు మారేవి. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సులు చెట్టు మొదలుకు వీపు ఆనించి ఓ కునుకు తీసేవారు. ఊరినుంచి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఏ ఆసుపత్రిలో ఖాళీలున్నాయో, ఏ సందులో ఇంటావిడ నీళ్లకు సతాయించదో అక్కడే తెలిసేది. జియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న మల్లేశం అనే కరీంనగర్ కుర్రవాడు ఒకడుండేవాడు. క్రైస్తవుడు కాడు, చర్చి లోపలికి ఏనాడూ అడుగు పెట్టలేదు, అయినా ఒక్క ఆదివారం మానలేదు. వారమంతా హిందీ విని విని చెవులు ఎండిపోయాయనీ, కాసేపు తెలుగు వింటే ప్రాణం లేచొస్తుందనీ చెప్పేవాడు.

వీళ్లందరి నడుమ మోడా అనే గుండ్రటి వెదురు పీట మీద అన్నమ్మ గారు. కూతురి పిల్లల్ని చూసుకోవడానికి ఢిల్లీ వచ్చిన పెద్దావిడ. ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, ఒంట్లో ఎలా ఉందని అడిగి, తల మీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన ముగించేది. రెండు మాటలేమిటండీ? సాలొమోను గారికి అది ప్రార్థనను అవమానించినట్టే ఉండేది.

ఆయన అసలు బాధ వేరు. సంఘ కార్యదర్శి కావాలని ఆయన కోరిక. రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడాడు. రెండుసార్లూ అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆయన భార్య మార్త, ఆ తర్వాత లేచినవి అరకొర. ఓడిన ప్రతిసారీ ఆ నేరేడు నీడలోనే, అందరి ఎదుటా, ఓదార్పు మాటలు వినవలసి వచ్చింది. అది తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అలాంటి సమయంలో, జూన్‌లో పర్యావరణ ఆదివారం జరపాలని పైనుంచి కబురు వచ్చింది. సాలొమోను గారు గబుక్కున అందుకున్నాడు. తోటల శాఖ అధికారి ఒకాయనను ముఖ్య అతిథిగా ఒప్పించాడు, మొక్కకు పురమాయించాడు, ఫొటోగ్రాఫరుకు చెప్పాడు. అన్నీ అయ్యాక ఒక చిక్కు తేలింది. మొక్క నాటడానికి మట్టి కావాలి. ఆవరణలో మట్టి ఉన్నది ఒకే ఒక్క చోట. అక్కడ చెట్టు ఉంది!

మీరైతే ఏం చేసేవారు? ఒక మూల సిమెంటు పగలగొట్టేవారు, అవునా? అందుకే మీరు కమిటీలో లేరు. ఆ సిమెంటు ఒక దాత తన తండ్రి జ్ఞాపకార్థం వేయించింది, పలక మీద పేరు కూడా ఉంది. చెట్టు మీద ఎవరి పేరూ లేదు. దేవుడు వేయించినవాటికి పలక పెట్టే ఆచారం మనకు లేదు గదా. పైగా అది నేరేడు. పళ్లు రాలే కాలంలో తెల్లచీరలు కట్టుకుని ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి రావలసినవాళ్లు ఊదారంగు మరకలతో వచ్చేవారు. హిందీ సంఘంవాళ్లు తమ స్కూటర్ల సీట్లు తలుచుకుని వెంటనే సరేనన్నారు. మన కమిటీ కళ్లు మూసుకుని ప్రార్థించింది. కళ్లు తెరిచేసరికి తీర్మానం అయిపోయింది.

అన్నమ్మ గారు మాత్రం ఒప్పుకోలేదు. మొక్కను కుండీలో పెట్టుకోమంది. కుండీ మొక్క కోసం అంత పెద్ద అధికారి వస్తాడా అని సాలొమోను గారు ఆవిడకు ఓర్పుగా నచ్చజెప్పాడు. ఇంట్లో మార్తతో వ్యవహారం అంత తేలిగ్గా తెమలలేదు. ఆవిడ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, మాట తక్కువ. చపాతీలు వత్తుతూ తలెత్తకుండానే అంది.

"మీరు నన్ను మొదట చూసింది ఆ చెట్టు కిందే కదండీ. ఆవేళ అన్నమ్మ గారు పిలిచి మనిద్దరి చేతుల్లో నేరేడు పళ్లు పెట్టకపోతే మీరు నాతో మాట్లాడేవారే కాదు."

అబద్ధమెందుకు, ఆ రోజు సాలొమోను గారికీ గుర్తుంది. ఇద్దరి నాలుకలూ నీలంగా మారితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కానీ నాయకుడన్నవాడు సొంత జ్ఞాపకాలకు లొంగవచ్చునా?

"ఒక్క చెట్టు కోసం పర్యావరణాన్ని ఆపమంటావా, మార్తా?" అన్నాడు.

శనివారం చెట్టు కూలింది. కొట్టేవాళ్ల క్షేమం కోసం ఆయన ముందే ప్రార్థన చేశాడు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెట్టుకు తగిలినవి లెక్కలోకి రావు. కలప వృథా కాలేదు సుమండీ! మొదలులోంచి రెండు గుంజలు కోయించి, వాటికి రేకు బోర్డు బిగించి, 'చెట్లను ప్రేమించుడి' అని రాయించారు. కొమ్మలు మర్నాడు ప్రేమవిందు బిర్యానీ పొయ్యి కిందకు వెళ్లాయి. పచ్చికట్టెలు కావడంతో పొగ కమ్ముకుని అందరికీ కళ్లనీళ్లు కారాయి. సభ ఎంత భక్తితో ఉందో అనుకున్నాడు ముఖ్య అతిథి.

ఆ అతిథి అంబాసిడర్ కారులో వచ్చాడు. తలుపు తీశాడు, ఎండ చూశాడు, మళ్లీ వేసుకున్నాడు. నీడ ఎక్కడుందని ఆయన అడిగితే అందరూ సాలొమోను గారివైపు చూశారు. చివరికి మొక్కనే కారు దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన అద్దం దించి దాన్ని ముట్టుకున్నాడు, చప్పట్లు మోగాయి. మొక్క ఏమిటంటారా? యూకలిప్టస్! నిట్టనిలువుగా పెరిగి, తన నీడ తనకే చాలనట్టుండే జాతి. పాతడం అయ్యాక సాలొమోను గారు ప్రార్థన అందుకున్నాడు. ఏదెను తోటలో బయలుదేరి లెబానోను దేవదారుల మీదుగా ఆయన వస్తూండగా ముందువరసలో ఇద్దరు సొమ్మసిల్లారు. నర్సుల సంఘం కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత మొక్కను ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. ప్రతి ఆదివారం దాన్ని పేరు చెప్పి మరీ తలుచుకుని వాన కోసం ప్రార్థించారు. కుళాయి పక్కనే ఉంది. కానీ వాన కోసం ప్రార్థించి మళ్లీ బకెట్టు పట్టుకెళ్తే అవిశ్వాసం కాదూ? నెల తిరక్కుండానే అది పుల్లయింది.

పుల్లతోపాటు సంఘమూ ఎండసాగింది. రెండింటికి ముందు వచ్చేవాళ్లు లేరు, ఆమెన్ అనగానే బస్‌స్టాపుకు పరుగు. ఎవరి ఆవకాయ వాళ్లింట్లోనే. మల్లేశం ఒకటి రెండు ఆదివారాలు గేటు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన నర్సు పిల్ల ఒకతె గది చూపించే దిక్కులేక తిరిగి గుంటూరు రైలెక్కింది. అన్నమ్మ గారు ఎండకు తాళలేక రావడమే మానేసింది. చూశారా, ఎంత క్రమశిక్షణో! ముచ్చట్లు లేవు, కునుకులు లేవు, మరకలు లేవు.

జూలైలో, వాన ముఖం చాటేసిన ఒక ఆదివారం, ఎన్నిక వచ్చింది. లోపల మలయాళీల పెళ్లి ఇంకా సాగుతోంది, సరే ఆవరణలోనే కానిద్దామన్నారు. సంఘ కాపరి యేసుదానం అయ్యగారు బోర్డు నీడలో నిలబడ్డారు. ఆవరణలో మిగిలిన నీడ అదొక్కటే, ఒక మనిషికి సరిపోతుంది. సాలొమోను గారు కార్యదర్శి కావడం సమ్మతమైనవాళ్లు చేతులెత్తాలన్నారు.

సాలొమోను గారు జనంవైపు చూసి ఉక్కిరిబిక్కిరయ్యాడు. చేతులన్నీ లేచి ఉన్నాయి! తనను రెండుసార్లు ఓడించిన జనమేనా వీళ్లు? అయ్యగారు స్తోత్రం చెప్పి, ఎన్నిక ఏకగ్రీవమని ప్రకటించి, ఇక చేతులు దించమన్నారు. ఎవరూ దించలేదు. అన్ని చేతులూ నుదుటికి ఆనుకుని, ఎండకు అడ్డంగా, అలాగే ఉన్నాయి. మార్త చేతులు మాత్రం కిందికి ఉన్నాయి. నెత్తిన కొంగైనా కప్పుకోకుండా, ఆ మండే ఎండలో కళ్లు చిట్లించి, భర్తనే చూస్తోంది.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో ఆయన ఉండబట్టలేకపోయాడు. ప్రతిసారీ అందరికన్నా ముందు చెయ్యెత్తేదానివి, ఈసారి నీకేమొచ్చిందని అడిగాడు.

"నేనూ ఎత్తితే అది మీ కోసమో ఎండ కోసమో మీకు తెలిసేది కాదు. ఒక్కరి మనసైనా మీకు తెలియాలి కదండీ" అంది మార్త.

అంత గొప్పగా గెలిచిన మనిషి, మునిర్కా దాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ ఆవరణలో చెట్టు ఉంటే ఇవాళే కొట్టించండి. ఏకగ్రీవంగా గెలుస్తారు! కొత్త కార్యదర్శి గారి మొదటి తీర్మానం కూడా మనవి చేస్తున్నాం: వచ్చే ఆదివారం మళ్లీ మొక్క నాటాలి. గుంత ఉంది, కుళాయి ఉంది, బోర్డు ఉంది. చుట్టూ నిలబడటానికి సంఘమే కనబడటం లేదు.