శ.లే. అనగా

మానవజాతి సాధించిన ప్రగతికి నిప్పూ చక్రమూ గుర్తులని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది పాత మాట. ఒక సంస్థ ఎంత ఎదిగిందో తెలియాలంటే, అది తన మాటల్లో ఎన్ని అక్షరాల్ని మింగి హరాయించుకుందో చూడాలి. ఆ లెక్కన, ఈ కథలోని సినిమా నిర్మాణ సంస్థ ఆ ఏడాది నాగరికత శిఖరం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

ఆ సంస్థలో శబ్దం పట్టే పని చెవులాయనది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. షూటింగ్ జరిగే చోటికే వెళ్లి, నటులు పలికిన మాటల్ని పలికినట్టే పట్టి తేవడం ఆయన వృత్తి. పొడవాటి గెడ చివర మైకు తగిలించి నటుల తలల మీద పట్టుకునేవాడు ఆయన బావమరిది. అతన్ని అందరూ గెడ అనే పిలిచేవారు. నలభై ఏడేళ్లకే భుజాలు రెండూ చెవుల దాకా ఎక్కిపోయిన మనిషి.

బావాబావమరుదుల మధ్య ఇరవై ఏళ్లలో పుట్టి పెరిగిన భాష ఒకటుండేది. గాలి హోరు పడకుండా మైకుకి తొడిగే బొచ్చు సంచి "కుక్కపిల్ల". మైకు పెట్టకుండా, మాటలు లేకుండా తీసే షాట్ "ఉత్తది". టేకులో ఎక్కడా ఏ చప్పుడూ అడ్డుపడకపోతే "కడిగినట్టుంది". ఈ భాషకి నిఘంటువు లేదు, నియమావళి లేదు, ఇరవై ఏళ్లలో ఒక్క పొరపాటూ లేదు. (పొరపాట్లు లేని వ్యవస్థ మీద యాజమాన్యానికి అనుమానం కలగడం సహజమే.)

అనుమాన నివృత్తికి సంస్థవారు ఒక సంక్షిప్త పదాల సమన్వయాధికారిని నియమించారు. నలగని చొక్కా, చెదరని క్రాపు, చీమకి కూడా "మీరు తప్పుకుంటారా" అని చెప్పగల మర్యాద. వచ్చిన వారంలోనే ఆయన అరవై నాలుగు పేజీల పట్టిక అచ్చువేయించారు. శబ్దానికి సంబంధించిన ఏ విషయమైనా ఇకపై పొడి అక్షరాల్లోనే పలకాలి, సంస్థ యాప్‌లో రోజువారీ నివేదికనీ పొడి అక్షరాల్లోనే నింపాలి. దేనికైనా రెండే అక్షరాలు. మూడోది చేరితే అది వాక్యం కిందికి వస్తుందనీ, వాక్యాలు రచయితల విభాగం పరిధిలోవనీ ఆయన వివరించారు.

పట్టికని ఆసాంతం చదివిన మొదటి వ్యక్తి, బహుశా చివరి వ్యక్తి కూడా, చెవులాయనే. సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"అయ్యా, తొమ్మిదో పేజీలో 'శబ్దదోషం లేదు' అంటే శ.లే. అని రాశారు. నలభై ఒకటో పేజీలో 'శబ్దం లేదు' అన్నా శ.లే. అనే రాశారు."

"అవునండీ."

"మొదటిదేమో టేకు దివ్యంగా వచ్చిందని. రెండోది అసలు మైకే పెట్టలేదని."

"సందర్భాన్ని బట్టి తెలిసిపోతుందండీ."

"సందర్భం యాప్‌లో ఎక్కడ రాయాలి?"

"సందర్భానికి గడి లేదు," అన్నారు అధికారి, విచారంగానే. "మీ సూచన నమోదు చేసుకుంటాను."

నమోదు చేసుకున్నారు కూడా. రెండక్షరాల్లో.

ఆ నెలలోనే కొత్త సినిమా మొదలైంది. అందులో తల్లి వేషం వేస్తున్న నటిని సెట్ అంతా పెద్దావిడ అనేది. ముప్పై మూడేళ్లుగా తెర మీద ఏడ్చి, నవ్వి, తిట్టి, దీవించిన మనిషి. కానీ ఆ ముప్పై మూడేళ్లలో ఆవిడ సొంత గొంతు ఒక్క ప్రేక్షకుడూ వినలేదు. మొదటి సినిమాలో ఎవరో "గొంతు గరుగ్గా ఉంది" అన్నారు. అంతే, తేనెలాంటి గొంతున్న వేరే ఆవిడ చేత మాటలు చెప్పించారు. సినిమా ఆడింది. ఆడిన దాన్ని కదపకూడదని ఆ తేనె గొంతునే ఇప్పటిదాకా కొనసాగించారు. ఈ దర్శకుడు మాత్రం లొకేషన్‌లో పలికిందే ఉంచుతానని మాటిచ్చాడు. పెద్దావిడ ఈ వేషానికి ఒప్పుకున్నది అందుకే.

మొదటిరోజు చెవులాయన ఆవిడ శాలువా మడతలో చిన్న మైకు దాస్తుంటే, ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"నా గొంతు నీ మైకుకి పనికొస్తుందా నాయనా? ఉన్నదున్నట్టు చెప్పు. ఈ వయసులో నేను నొచ్చుకునేదేం లేదు."

చెవులాయన హెడ్‌ఫోన్స్‌లో ఆ మాటలు విన్నాడు. ఎండిన ఆకుల మీద ఎవరో మెల్లగా నడిచి వస్తున్నట్టుంది.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచారమ్మా దీన్ని," అన్నాడు.

"నేను దాచలేదు," అంది ఆవిడ.

అప్పటిదాకా ఏదో ఒక చిన్న చప్పుడు పడని టేకు లేదు. అసలు సన్నివేశం తొమ్మిదో రోజున వచ్చింది. చనిపోయిన అక్క రాసిన ఉత్తరాన్ని తల్లి వంటింట్లో కూర్చుని పైకి చదువుతుంది. నాలుగు నిమిషాలు, ఒకటే షాట్. అద్దెకు తీసుకున్న ఇంట్లో ఉదయం నుంచే ఏర్పాట్లు మొదలయ్యాయి. ఫ్రిజ్ ఆపారు. ఫ్యాన్లు ఆపారు. గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి మేడ మీద పడుకోబెట్టారు.

మొదటి టేకు అరనిమిషం నడిచేసరికి పక్కింటి ప్రెషర్ కుక్కర్ కూత పెట్టింది. చెవులాయన చెయ్యెత్తి, నియమం ప్రకారం "పొ.కు." అన్నాడు. పట్టికలో పొ.కు. అంటే పొరుగింటి కుక్కర్ అని ఉంది. పొరుగింటి కుక్క అని కూడా ఉంది. ప్రొడక్షన్ మేనేజరుకి కనబడింది రెండో అర్థం. ఆయన పక్కింటికి వెళ్లి, దయచేసి కుక్కని కట్టేయమని బతిమాలాడు. మాకు కుక్క లేదన్నాడు ఆ ఇంటాయన. ఈయన వదిలితేగా. వాదన సాగినంతసేపూ లోపల కుక్కర్ కూతలు పెడుతూనే ఉంది. చివరికి ఆ పెద్దమనిషి, భవిష్యత్తులో ఎప్పుడైనా కుక్కని తెచ్చుకుంటే తప్పకుండా కట్టేస్తానని మాటిచ్చి తలుపేసుకున్నాడు. పప్పు ఉడికిపోయింది కాబట్టి కూతలు ఆగాయి. సమస్యని పొడి అక్షరాల ద్వారా పరిష్కరించినట్టు నివేదికలో రాశారు.

రెండో టేకు మధ్యలో కాగితాలు గరగరలాడాయి. అధికారి పట్టిక తిరగేస్తున్నారు. ఆ చప్పుడుకి పొడి అక్షరాలు లేనందున దాన్ని ఎవరూ ఎత్తిచూపలేకపోయారు.

మూడో టేకుకి గది నిజంగానే ఊపిరి బిగబట్టింది. పెద్దావిడ ఉత్తరం విప్పింది. మొదటి వాక్యం చదివింది. నటన అనిపించలేదు. రెండో పేజీలో ఒకచోట ఆగి, ఆ వాక్యాన్నే మళ్లీ మొదటి నుంచీ అందుకుంది. గెడ కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా, తుడుచుకుంటే మైకు కదులుతుందని అలాగే నిలబడ్డాడు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయి, కాసేపటికి చెప్పాడు.

పెద్దావిడ తల తిప్పి కెమెరా వైపు కాదు, చెవులాయన వైపు చూసింది.

"ఎలా వచ్చింది?"

"కడి..." అని చెవులాయన నాలుక కరుచుకున్నాడు. తలెత్తకుండా పట్టిక చూసుకుంటూ అధికారి పక్కనే ఉన్నారు. "శ.లే. అమ్మా."

"అంటే?"

"అంటే బాగుందని."

"ఆ ముక్క అలాగే చెప్పొచ్చుగా," అని నవ్వింది ఆవిడ.

సాయంత్రం ఆనాటి శబ్దపు ఫైళ్లు యాప్‌కి ఎక్కించి నివేదిక నింపేటప్పుడు ఆయన వేలు గడి మీద ఆగింది. గడిలో "బాగుంది" అని రాశాడు. గడి ఎర్రబడింది. "దోషం లేదు" అని రాశాడు. ఇంకా ఎర్రబడింది. శ.లే. అని రాశాడు. పచ్చబడింది.

"బావా, నాకెందుకో కీడు తోస్తోంది," అన్నాడు గెడ.

"నాకూను. తోస్తోందని రాయడానికి గడి లేదు," అన్నాడు చెవులాయన.

వారం తర్వాత ఎడిటింగ్ గది నుంచి ఫోనొచ్చింది. ఉత్తరం సన్నివేశంలో బొమ్మ ఉంది, మాట లేదు. చెవులాయన పరుగున ఆఫీసుకి వెళ్లాడు. అధికారి కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, జరిగింది చెప్పారు. శబ్దం లేని షాట్లకి శబ్దపు ఫైళ్లు ఉండటం తర్కవిరుద్ధం కాబట్టి, శ.లే. అని వచ్చిన ఫైళ్లని యాప్ ఏ రోజుకారోజు అర్ధరాత్రి చెరిపేస్తుంది.

"మరి రెండో మెమరీ కార్డులో ఇంకో కాపీ మీ ఆఫీసుకే అప్పజెప్పాను కదండీ."

"అది కూడా చెరిపేశాం. మా వైపు నుంచి ఏ లోపమూ లేదు." అని, చెరిపినట్టు ధ్రువీకరించే రసీదు అందించారు. రసీదు మాత్రం రెండు కాపీలు.

"మళ్లీ తీద్దామండీ. నాలుగు నిమిషాలే."

"ఇల్లు ఖాళీ చేసేశారండీ, దర్శకుడు గారికీ నచ్చజెప్పాం. అయినా మళ్లీ తీయాల్సిన అవసరమేముంది? బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఎప్పుడూ వినబడే గొంతుతోనే స్టూడియోలో మాటలు చెప్పిస్తున్నాం. ప్రేక్షకులకి ఏ ఇబ్బందీ ఉండదు."

ఈ వార్త పెద్దావిడకి ఎవరు చెప్పాలన్నదానికి పట్టికలో ఏమీ లేదు. చెవులాయనే వెళ్లాడు. ఆవిడ ముందుగదిలో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. ఆయన ఉన్నదంతా చెప్పాడు. పూర్తి మాటల్లో, ఒక్క అక్షరం మింగకుండా చెప్పాడు.

ఆవిడ చాలాసేపు కళ్లజోడే తుడిచింది.

"నీ చెవుల్లోనైనా ఉందా?" అని అడిగింది చివరికి.

"ఉందమ్మా. పోదు."

"అది చాలదు నాయనా," అంది నెమ్మదిగా. "పోనీ, ఎలాగూ ఎవరో ఒకరు స్టూడియోలో నిలబడి చెప్పాలిగా. నేనే వెళ్లి చెప్తాను. నా పెదాలకి నా మాట అతకదా?"

చెవులాయన మొహం విప్పారింది. ఇంత చిన్న సంగతి తనకి తట్టనందుకు సిగ్గుపడుతూ, ఆఫీసు నంబరు తనే నొక్కి, ఇద్దరికీ వినబడేలా స్పీకర్ పెట్టి, ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. ఫోన్ ఎత్తింది అధికారే. ఆవిడ గొంతు సవరించుకుని, తానెవరో చెప్పి, ఉత్తరం సన్నివేశానికి తానే మాటలు చెబుతాననీ, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాననీ అడిగింది.

ఎప్పటిలాగే ఎంతో మర్యాదగా అధికారి అన్నారు:

"చూడండమ్మా, మీరెవరో నాకు తెలీదు. ఆవిడ గొంతు నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇంకెప్పుడూ ఇలా ఆవిడ పేరు చెప్పుకుని ఫోన్ చెయ్యకండి, తెలిస్తే ఆవిడ బాధపడతారు."