మాస్టారి ఆకుముద్ద

ఆషాఢమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే బందరులో గంగాధరరావు మాస్టారు రోకలి పట్టుకున్నారు. యుద్ధం వచ్చి బియ్యం కరువైన రోజులు. సెలవులో ఉన్న సైన్సు మాస్టారి బదులు ఆయన పాఠాలు చెబుతున్నారు. ఆ మాస్టారు మర్నాడే తిరిగొస్తున్నాడు గనక, ఈయన ఉద్యోగం ఆ రోజుతో సరి. అయితే ఆహారశాఖ ఆఫీసరు మధుసూదనరావు గారు పదింటికి వచ్చి, పారేసే ఆకుల్లోంచి మాస్టారు తీసిన తిండిని రుచి చూసి సరేనంటే, గుడివాడలో పర్మనెంటు ఉద్యోగం.

చిలగడదుంపలు తవ్వుకోగా మిగిలిన తీగల మోపును పాలుపోసే పోలమ్మ పెరట్లో దించింది.

"గేదెల మేత మీరు తింటారా అయ్యగారూ?"

"ఆకులో బలాన్ని గేదె పాలుగా ఇస్తుంది. మధ్యలో గేదె లేకుండా మనమే తీసుకుంటాం."

"మరి పాలెవరిస్తారండీ?"

మాస్టారు రోకలి ఎత్తారు. ఆకు దంచి, గుడ్డలో పిండి, పసరు కాచారు. పాలు విరిగినట్టు పచ్చటి విరుగుడు పైకి తేలింది. దాన్ని వడగట్టి, ముద్ద చేసి, రాచ్చిప్పలో పెట్టి, చల్లారాలని వెనక వసారాలో ఉంచారు. "దీన్నెవరూ ముట్టుకోకూడదు" అని గోడలకు చెప్పి స్నానానికి వెళ్లారు. మంచినీళ్లకు వెళ్లిన ఇల్లాలు ఇందిరాదేవి, వెళ్లేముందు గోరింటాకు రుబ్బి, ఇరుగుపొరుగు కోసం ఇంకో రాచ్చిప్పలో వంటింట్లో పెట్టిన సంగతి ఆయనకు తెలియదు.

పక్కింటి రమాదేవి మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆషాఢమాసంలో రాచ్చిప్ప నిండా పచ్చటి ముద్ద కనిపిస్తే, అదేమిటని అడిగే ఆడది కృష్ణా జిల్లాలో పుట్టలేదు. ముగ్గురూ అరచేతుల్లో చందమామలు దిద్దుకుని, చిప్ప ఖాళీ చేసి, మర్యాదగా కడిగి బోర్లించి మరీ వెళ్లారు.

స్నానం చేసి వచ్చిన మాస్టారికి వసారాలో ముద్ద కనిపించలేదు. వంటింట్లో కనిపించింది. ఇల్లాలే జాగ్రత్త చేసిందనుకుని మురిసిపోయారు.

పదింటికి ఆఫీసరు వచ్చారు. "ఉప్పూకారం వద్దు మాస్టారూ, అసలు రుచి చూడాలి" అంటూ కాస్త ముద్ద చేతిలోకి తీసుకుని, చిటికెడు నోట్లో వేసుకుని, పరుగున వెళ్లి ఉమ్మేశారు. మిగతాది గుప్పిట్లోనే పట్టుకుని, దేశంలో తిండి కొరత గురించి ముప్పావుగంట మాట్లాడారు. గోరింటాకు వాసన ఆయనకు తెలియక కాదు. ఫైల్లో చిలగడదుంప ఆకు అని రాసి ఉన్నాక, వాసన వేరేగా ఉంటే అది వాసన తప్పు.

"ఇది మనుషులు తినేది కాదండీ. ఉద్యోగం సంగతి మరిచిపోండి."

మాస్టారు చెంబుతో నీళ్లందించారు. ఆఫీసరు చెయ్యి కడుక్కున్నారు. అరచెయ్యి ఎర్రగా పండి ఉంది. మళ్లీ రుద్దారు. పోలేదు.

"మాస్టారూ! యుద్ధంలో ఓడలు ఆగి సీమరంగులు రాక ఇక్కడ బట్టల అద్దకంవాళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నారు. మీరు కనిపెట్టింది తిండి కాదు, రంగు! ఉద్యోగం ఖాయం!" అని కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు.

అప్పుడే పెరటి గుమ్మంలో రమాదేవి గొంతు వినిపించింది. "వదినా, నీ గోరింటాకు పండనే లేదు! పైగా వారం నుంచీ మెతుకు ముట్టని మా చంటాడు నా చెయ్యంతా నాకేసి, ఇంకా కావాలని ఒకటే ఏడుపు!"

మాస్టారికి అంతా అర్థమైంది. తన తిండి గెలిచింది! ఆనందంతో కళ్లు చెమర్చాయి. "అయ్యా, అసలు సంగతేమిటంటే..." అని నోరు తెరిచారు.

ఆఫీసరు కలం ఆగింది. నీళ్లబిందెతో తిరిగొచ్చిన ఇందిరాదేవి తలుపు వెనక దగ్గింది.

"మజ్జిగ పుచ్చుకుంటారా అండీ?" అన్నారు మాస్టారు.

వారం తిరక్కుండా గుడివాడకు కాపురం మారింది. బండిలో సామాన్లమీద పెరటి గోరింట కొమ్మలు నాలుగు వెళ్లాయి. రమాదేవి చంటాడికి మాత్రం ఆకుముద్ద చేసే పద్ధతి పోలమ్మ నేర్చుకుంది.

ఆనాటి నుంచి సర్కారు కొలువు గోరింటచెట్టు చేసింది, జీతం మాస్టారు పుచ్చుకున్నారు.