ధర్మరాజు బేస్ మాల్ట్

వారం సెలవు కాబట్టి దోహాలో చర్చి కూడా శుక్రవారమే. ఆ పొద్దున చర్చికి బయలుదేరే ముందు ధర్మరాజు మేడ మీద పాత దుప్పటి పరిచి, మొలకెత్తిన బార్లీని దాని మీద పల్చగా ఆరబోశాడు. దోహా ఎండకి మధ్యాహ్నంలోపే ఆరిపోతుంది. ఆ తర్వాత ఓవెన్‌లో సన్నని సెగ చూపించి, మిక్సీలో పలుకుగా ఆడించి, వేడినీళ్ళలో నానబెడితే సాయంత్రానికి తియ్యటి మాల్ట్ నీళ్ళు సిద్ధం. ఇదీ ఆయన పథకం.

ధర్మరాజుది అమలాపురం పక్క ఊరు. ఇక్కడ ఓ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. జన్మలో బీరు కాచింది లేదు గానీ, ఇంట్లో బీరు కాచేవాళ్ళ వీడియోలు చూసి చూసి ఆ విద్యలో పండితుడైపోయాడు. ఖతర్‌లో ఆ పని చేస్తే ఉద్యోగంతోపాటు దేశం కూడా వదలాలి. అందుకని పులియబెట్టే ఈస్ట్ జోలికి పోకుండా, మొలకల గింజతో చేసే మాల్ట్ దగ్గరే ఆగుదామని బుద్ధిగా తీర్మానించుకున్నాడు. సూపర్‌మార్కెట్ బార్లీ పొట్టు తీసేసిన రకం, మొలకెత్తదు. గొర్రెల దాణా అమ్మే కొట్టుకి పోయి పొట్టు బార్లీ తెచ్చి, నానబెట్టి, మొలకలొచ్చేదాకా బాత్రూంని ఆక్రమించాడు.

"ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?" అంది భార్య అమృతమ్మ.

"ఏదో ఒకటి చెప్పు. బీరు మాట మాత్రం ఎత్తకు."

ఆమె భయం ఆమెది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఆ విల్లా మొత్తం కింద ఉండే హమీదుద్దీన్ పేరు మీద ఉంది. ఆయనది జగిత్యాల. మంచివాడే గానీ, ఇంట్లో మందు వాసన తగిలితే మనిషి ఉండకూడదన్నది ఆయన షరతు. వచ్చే వారం అద్దె కాంట్రాక్ట్ కొత్తది రాస్తారు. ఆయన వద్దంటే ఈ రెండు గదులూ పోతాయి. ఇంత దగ్గరలో, ఇంత అద్దెకి ఇల్లు మళ్ళీ దొరకదు. అల్ వక్రా అవతల ఎక్కడో వెతుక్కోవాలి. కూతురు షెరిన్ స్కూలు బస్సు అక్కడికి రాదు.

ధర్మరాజు అలా వెళ్ళాడో లేదో, హమీదుద్దీన్ భార్య సుర్రయ్యా బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వచ్చింది.

"అమృతక్కా, గీ గింజలేంది?"

అమృతమ్మ గబుక్కున "పావురాలకండీ," అనేసింది.

సుర్రయ్యా మొహం వెలిగిపోయింది. ఇంట్లో అందరూ అమ్మీ అని పిలిచే ఆమె అత్తగారు రోజుల తరబడి నోట్లో ముద్ద పెట్టుకోవడం లేదు. పక్షులకి గింజలు వేస్తే ఆ పుణ్యం పెద్దామెకి చెందుతుందని, "నేను గూడ ఏస్త," అంటూ రెండు చేతులా ఎత్తి గోడ పొడవునా చల్లింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పావురాలన్నీ వాలాయి. అబద్ధం ఆడిన మనిషికి అడ్డుపడే వీలు లేదు కదా! అమృతమ్మ నవ్వుతూ నిలబడింది.

చర్చి నుంచి వచ్చిన ధర్మరాజుకి దుప్పటి మీద సగం బార్లీ కూడా కనిపించలేదు. మిగిలింది ఓవెన్‌లో పెట్టి, "సెగ పెంచకు సుమా," అని భార్యకి చెప్పి, దుఃఖం తీర్చుకోవడానికి మేడెక్కి స్నేహితుడు విన్సెంట్‌కి ఫోన్ చేశాడు.

"బీరుకి ప్రాణం బేస్ మాల్టేరా. పిండిని తీపిగా మార్చే శక్తి దాంట్లోనే ఉంటాది. సెగ ఎక్కువైతే అది చచ్చిపోద్ది. నల్లగా వేయించిన మాల్ట్ రంగుకి తప్ప ఎందుకూ పనికిరాదు." ఇలా పాఠం చెబుతున్నంతసేపూ, సుర్రయ్యా తమ్ముడు మొహసిన్ నమాజుకి పోయే ముందు వాటర్ ట్యాంకు వెనక చొక్కా ఆరేసుకుంటున్నాడు. బీరు అన్న మాట తప్ప మిగతా శాస్త్రం అతని చెవికి ఎక్కలేదు.

కింద అమృతమ్మ గంటసేపు చూసింది. గింజ రంగు మారలేదు. జుమ్మా నమాజు నుంచి హమీదుద్దీన్ వచ్చేలోగా ఈ తంతు ముగించాలని సెగ పూర్తిగా పెంచింది. గింజలు కాఫీ రంగుకి తిరిగాయి. కమ్మటి వాసన విల్లా అంతా పాకింది. ధర్మరాజు పరుగున దిగొచ్చి చూసి, కుర్చీలో కూలబడ్డాడు. అయినా ఆశ చావక, ఆ గింజల్నే ఆడించి వేడినీళ్ళలో కలిపి పొయ్యి మీద పెట్టాడు. తీపి రాలేదు. చిక్కబడి గరిటె మాత్రం నిలబడింది.

అప్పుడే తలుపు చప్పుడైంది. హమీదుద్దీన్, వెనక మొహసిన్.

"రాజు భాయ్, పొయ్యి మీద ఏముంది?"

"బీరు కాదండీ."

"నేను బీరని అనలే గదా!"

ధర్మరాజు అక్కడ ఆగవలసింది. జ్ఞానం ఉన్నవాడు ఆగలేడు. "ఇది బీరుకి ముందు మెట్టండీ. ఈస్ట్ వేస్తేనే బీరవుద్ది. నేను వెయ్యలేదు."

"అంటే ఏస్తే అయితది."

"అవ్వదండీ, మాడిపోయింది. మాడకుండా ఉంటే బ్రహ్మాండంగా అయ్యేది!"

అమృతమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఖలాస్," అన్నాడు హమీదుద్దీన్. "సోమవారం కాంట్రాక్ట్ ఉంది. మీరు వేరే జాగా చూస్కోండ్రి."

అమృతమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో సుర్రయ్యా చేతిలో గిన్నెతో మెట్లెక్కి వచ్చింది. "గా వాసన ఏందక్కా? అమ్మీ మంచంల లేసి కూసొని అడుగుతున్నది." నేరుగా వంటింట్లోకి వెళ్ళి మూత తీసింది. "హాయ్ అల్లా! ఇది తల్బీనా గదా!"

తల్బీనా అంటే బార్లీ జావ. ఒంట్లో బాగులేనివాళ్ళకి పెడతారు. హమీదుద్దీన్ అనుమానంగా ఓ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "తీపి లేదు?"

"ఒక్క చుక్క కూడా రాలేదండీ," అన్నాడు ధర్మరాజు, పరువు పోయిన గొంతుతో.

సుర్రయ్యా పాలూ తేనే కలిపి తీసుకెళ్ళింది. పెద్దామె గిన్నె ఖాళీ చేసి మళ్ళీ అడిగింది. ఆ సంగతి విన్న హమీదుద్దీన్ మొహం పసిపిల్లాడిలా అయిపోయింది. మొహసిన్‌ని వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. మొహసిన్‌కి ఏదో అర్జెంటు డ్యూటీ గుర్తొచ్చింది.

"రాజు భాయ్, యాడికి పోవద్దు. కాంట్రాక్ట్ నేను జూస్కుంట. ప్రతి శుక్రవారం అమ్మీకి గిట్లనే జేయుండ్రి."

"ఈసారి సెగ తగ్గించి, అసలైన బేస్ మాల్ట్ పద్ధతిలో..."

"వద్దు భాయ్! గట్లనే మాడ్సుండ్రి."

అమృతమ్మ తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆమె సెగ పూర్తిగా పెంచి బార్లీ వేయిస్తుంది. బేస్ మాల్ట్ గురించి సర్వం తెలిసిన ధర్మరాజు అడుగంటిన గిన్నె తోముతాడు.