శుక్రవారం రొట్టెలు

నవ్వితే నవ్వండి గానీ, మా ఆవిడ ముందు మాత్రం ఈ మాట ఎత్తకండర్రా. ఆవిడ నవ్వదు. నా బాధంతా అదే.

మా బిస్కెట్ల ఫ్యాక్టరీలో మొన్న వసంతంలో కొత్త పద్ధతి పెట్టారా? వారానికి నాలుగు రోజులే పని, జీతంలో ఒక్క క్రోనరు తగ్గదు, పింఛనూ సెలవులూ ఎప్పట్లాగే. మేం ఖాళీ చేసిన రోజుల్లోకి మా ఊరు హోర్సెన్స్‌లో పని లేక కూర్చున్నవాళ్లని తీసుకుంటారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే బల్లెక్కి కొట్టాను. నాకు శుక్రవారం సెలవొచ్చింది మరి.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఎందుకంటారా? మా బోదిల్ పనిచేసే బేకరీ మూతపడి ఏడాదైంది. ఆవిడ చేతులు ఊరుకోవు. వంటిల్లు, కుర్చీలు, కోళ్లగూడు, అన్నిటికీ రంగేసింది. ఖాళీగా కనబడితే నా చేతికీ ఓ కుంచె ఇస్తుంది. నాకేమో ఊరి బయట తోటలో ఓ చెక్క గది, అందులో ఓ పడక కుర్చీ ఉన్నాయి. అక్కడి సాలీళ్లకి జడిసి బోదిల్ అటు రాదు. ఇంకేం కావాలి! శుక్రవారం పొద్దున్నే డబ్బా కట్టించుకుని, సైకిలెక్కి, పనికి వెళ్తున్నట్టే వెళ్లి కుర్చీలో పడేవాణ్ణి.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం పొద్దున వంతులవారీగా ఒకరు అందరికీ రొట్టెలు తేవడం మన దగ్గర ఉన్నదేగా. ఓ గురువారం బోదిల్ అడిగింది.

"రేపు రొట్టెల వంతెవరిది?"

"నాదే."

"పోయిన వారమూ నీదేగా?"

"నీ చేతి రొట్టెలు తిన్నాక ఇంకెవరివీ గొంతు దిగట్లేదట. ఏం చెయ్యను?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. బేకరీ మూసేశాక అంత సంతోషం ఆ మొహంలో చూళ్లేదు. కడుపుకి అన్నం తినేవాడైతే అప్పుడే నిజం చెప్పేసేవాడు. నేను గసగసాలు కాస్త ఎక్కువ వెయ్యమన్నాను.

సంచీడు రొట్టెలు, తినేవాణ్ణి నేనొక్కణ్ణి. పక్క తోటలో వాసన ఓలుఫ్ ఉండేవాడు. నాలుగు తోటల అవతల వెన్న కరిగినా పసిగట్టి కంచె దగ్గర నిలబడే ముసలాయన.

"ఎవరు చేశారయ్యా ఇవి?"

"మా బోదిల్! బేకరీలో చేసేది. ఇప్పుడు ఖాళీయే పాపం," అన్నాను, నోటినిండా కుక్కుకుని.

ఈ ముసలాయన కూతురే మా సూపర్‌వైజర్ యుట్టె అని నాకేం తెలుసు!

ఇంకో సంగతుంది. చెప్పాలంటే సిగ్గేస్తోంది. యుట్టె మమ్మల్ని అడుగుతూనే ఉంది, "పిండి కలపడానికి మనిషి కావాలి, మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా?" అని. ఇంట్లో బోదిల్ పని కోసం రోజూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తూనే ఉంది. నేను అక్కడా తల వంచుకుని కాఫీ తాగాను, ఇక్కడా తాగాను. చెబితే నా సెలవు బయటపడుతుందిగా!

ఓ శుక్రవారం సాయంత్రం ఎప్పట్లాగే తోట గదిలో దాచిన గోధుమపిండి చేతులకింత రాసుకుని, నడుం పట్టుకుని ఇంటికొచ్చాను. బోదిల్ కోటు విప్పకుండా, కాళ్లు పీట మీద చాపుకుని కూర్చుంది.

"అబ్బబ్బ, చచ్చాననుకో! కాస్త కాఫీ ఇద్దూ," అన్నాను.

"ఏమైంది?"

"పిండి మిషన్ మొరాయించింది. ఆ యుట్టె ఒకటే అరుపులు. భోజనానిక్కూడా వదల్లేదు."

"అలాగా? నా చేతికి బాగానే తిరిగిందే," అని కోటు విప్పింది.

లోపల, నేను ఫ్యాక్టరీలో తగిలించి వచ్చే నా ఏప్రన్. గుండెల మీద 'తోర్కిల్' అని నా పేరు.

"యుట్టె ఫోన్ చేసి పనిచ్చింది. నీకు చెప్పొద్దన్నాను. నీ ఎదురుగా వచ్చి నిలబడితే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని సరదా పడ్డాను. తీరా వెళ్తే కొన్న రొట్టెలు తింటున్నారు. తోర్కిల్ తేలేదా అంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు."

తల కొట్టేసినట్టయింది.

"మనిషి కోసం వసంతం నుంచీ అడుగుతున్నారట. నేను ఫోన్లు చేస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు కదూ?"

ఆవిడ అరిచినా బాగుండును. అరవలేదు.

"కిటికీలకి రంగు వెయ్యనా?" అన్నాను.

"ఎప్పుడో వేశాను. నువ్వే చూళ్లేదు. వచ్చే శుక్రవారం రొట్టెల వంతు నాది. నాకు పనుంది, నీకు సెలవు. నువ్వు చెయ్యి."

ఆ శుక్రవారం తెల్లారుజామునే లేచి చేశాను. వంటిల్లంతా పిండి, జుట్టంతా పిండి. ఈసారి పనిగట్టుకుని రాసుకోనక్కర్లేకపోయింది. రొట్టెలు మాత్రం రుబ్బురోళ్లు. బోదిల్ వాటినే సంచీలో పెట్టుకుని వెళ్లింది.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్తే, ఒక రొట్టె తలుపుకి అడ్డం పెట్టి ఉంది. యుట్టె ఒకటి ఇంటికి పట్టుకెళ్తే వాసన ఓలుఫ్ దూరం నుంచే వద్దన్నాడట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

"ఎవరి పళ్లూ దిగలేదయ్యా," అంది యుట్టె. "మీ ఆవిడొక్కతే కాఫీలో ముంచుకుని మొత్తం తినేసింది. 'మా ఆయనకి ఇదే మొదటిసారి, మళ్లీ వారానికి బాగా వస్తాయి' అని చెప్పింది."

పక్క మిషన్ దగ్గరే ఉంది బోదిల్, తన పేరున్న ఏప్రన్ కట్టుకుని. పిండి కలుపుకుంటోంది. ఆ రోజంతా నేను తలెత్తి అటు చూడలేదర్రా.