సింహాల మంచం

ఆ రోజు పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు టేపయ్య దగ్గరున్న పెట్టుబడి ఇది: మడత నలగని ఇస్త్రీ చొక్కా, ఫర్నిచర్ కొట్లో ఎనిమిదేళ్ళ అనుభవం, అద్దం ముందు నిలబడి బట్టీపట్టిన మాట ఒకటి. "జీతం పెంచకపోతే నా దారి నేను చూసుకోవలసి వస్తుందండీ." అప్పు లేదు. మంచమూ లేదు. మొత్తమ్మీద నిలకడగా నడుస్తున్న వ్యాపారమే.

టేపయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నడుముకు ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కనక బజారు పెట్టిన పేరు. కొనేవాళ్ళ ఇంటికి వెళ్ళి గుమ్మం ఎంత, గది ఎంత, మెట్ల మలుపులో చోటెంత అని కొలిచి, ఏ సోఫా పడుతుందో ఏది పట్టదో తేల్చడం అతని పని. అతను కొలిచి పంపిన సరుకు ఏ గుమ్మంలోనూ ఇరుక్కోలేదు. జీతం మాత్రం ఎక్కడో ఇరుక్కున్నట్టుంది, చేరినప్పటినుంచీ ముందుకు కదల్లేదు.

వాళ్ళుండేది ఒక మేడ కింద, వెనకవైపు ఒంటిగదిలో. ముందువైపు రోడ్డు మీదికి షట్టరున్న గది ఒకటుంది. అందులో ఇంటావిడ పాత సామాను పడేసుకుంది. పైన రెండు గదుల వాటా ఈమధ్యే ఖాళీ అయింది. దాని మీద టేపయ్య భార్య మనసు పడింది. అద్దె ఒక్కటే అడ్డం.

"సాయంత్రం ఎవరో చూసుకోడానికి వస్తున్నారట. ఈలోగా మనం మాట చెప్పాలి," అంది భార్య, అతని కాలరు సరిచేస్తూ. "ఇవాళైనా అడుగుతారా, లేకపోతే పోయినసారిలాగా ఆయన పనిలో ఉన్నాడని తిరిగొచ్చేస్తారా?"

"అడిగి తీరతాను. ఉత్తచేతుల్తో ఇంటికి రాను, చూస్తూ ఉండు."

ఆ మాట మాత్రం అతను నిలబెట్టుకున్నాడు.

కొట్టు యజమాని షావుకారు బక్కపలచని మనిషి. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. అయినా, కుర్చీకి కాలు వేయించుకుందామని వచ్చినవాళ్ళు భోజనాల బల్ల బండికెక్కించుకుని, పైగా ఆయనకు దణ్ణం పెట్టి వెళ్ళడం టేపయ్య కళ్ళారా చూశాడు. బేరం కుదిరినట్టేనని తోచినప్పుడు ఆయన ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు రెండు వేళ్ళు చూపిస్తాడు. రెండు టీలొస్తాయి. కప్పు సగమయ్యేసరికి కొనేవాడి చెయ్యి దానంతటదే జేబులోకి వెళుతుంది. ఆ వేళ్ళు లేచాక కొనకుండా పోయిన మనిషిని టేపయ్య చూడలేదు. వేళ్ళు లేచిన ప్రతిసారీ అతనికి ఒళ్ళు జలదరించేది. ఆయన తలపైన గోడకు ఒక బోర్డు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.'

ఆ బోర్డు కిందే నిలబడి టేపయ్య గొంతు సవరించుకున్నాడు. "జీతం సంగతి ఒకమాట మాట్లాడదామనండీ..."

"మాట్లాడు నాయనా. ఏం ఖర్చొచ్చింది?" అన్నాడు షావుకారు. కోపం లేదు, చిరాకు లేదు.

"రెండు గదుల ఇల్లు చూశామండీ. అద్దె కాస్త..."

"రెండు గదులా!" షావుకారు ముందుకు వంగాడు. "అంటే పడగ్గది విడిగానా?"

"విడిగానేనండీ."

"కిటికీ ఎటువైపు?"

"తూర్పుకండీ. పొద్దున ఎండ గదంతా పడుతుంది."

"ఆహా! మరి ఇప్పుడెక్కడ పడుకుంటున్నారు?"

"నేల మీదే, పరుపేసుకుని."

షావుకారు వెనక్కి వాలాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఊళ్ళో అందరికీ పడకలు అమర్చిపెట్టిన మనిషివి, నువ్వు నేల మీద పడుకుంటున్నావా? ఈ మాట నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదోయ్?"

అలా అంటూ రెండు వేళ్ళు పైకెత్తాడు. టేపయ్య కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో షావుకారు అతనికి టీ తెప్పించడం అదే మొదటిసారి. జీతం పెరిగిపోయిందనే అనుకున్నాడు. ఆ టీ ఎవరికి తెప్పిస్తారో ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసినవాడు, ఆ క్షణాన మరిచేపోయాడు.

"జీతం పెంచాననుకో, అద్దెకింద పోతుంది. వస్తువు కొన్నావనుకో, ఇంట్లోనే ఉంటుంది. ఏది నయం?"

"వస్తువేనండీ," అన్నాడు టేపయ్య, టీ ఊదుకుంటూ.

"నీకు కాబట్టి వాయిదాల మీద. నెలనెలా జీతంలోంచి నేనే పట్టుకుంటాలే, నీకు ఆ శ్రమ కూడా ఉండదు."

టేపయ్య రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి లేచాడు. మంచం బండికెక్కుతుంటే చూశాక గాని వెలగలేదు. తలవైపు రెండు సింహాలు నోళ్ళు తెరుచుకుని ఉన్న టేకు మంచం అది. ఆ సింహాలను చూసి పిల్లలు ఏడుస్తారని ఎవరూ కొనక, కొట్లో మూలపడి ఉంది. మూడేళ్ళుగా టేపయ్య ఎంత చెప్పినా ఎవరికీ అంటగట్టలేకపోయిన మంచం. దాన్ని షావుకారు, ఒక్క టీ ఖర్చుతో, టేపయ్యకే అంటగట్టాడు. జీతం పెరగలేదు సరికదా, వాయిదా మేరకు తగ్గింది. బాధపడాలో చప్పట్లు కొట్టాలో తెలియక అతను బండి వెనకాలే నడిచాడు.

ఊళ్ళో గుమ్మాలన్నీ కొలిచిన మనిషి సొంత గుమ్మం ఎన్నడూ కొలవలేదు. మంచం పట్టలేదు. నిలువుగా పెట్టారు, అడ్డంగా తిప్పారు, ఒక సింహం ముక్కు గోడకు గీసుకుంది కాని లోపలికి పోలేదు. బండివాడు దాన్ని మెట్ల మొదట్లో దించి, తన కూలి తీసుకుని వెళ్ళిపోయాడు.

"జీతం అడగమని పంపిస్తే మంచం కొనుక్కొచ్చారా?" అంది భార్య. ఆవిడ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. "అసలెలా కొన్నారు?"

టేపయ్య జరిగిందంతా చెప్పాడు, కిటికీ తూర్పుకన్న దగ్గర్నుంచి రెండు వేళ్ళ దాకా. ఆవిడ ఆ రెండు వేళ్ళ సంగతి మళ్ళీ చెప్పించుకుని మరీ విన్నది.

ఇంతలో ఇంటావిడ తడిబట్టల బకెట్‌తో వచ్చి, మేడ మీదికి దారి లేక సింహాలతో ముఖాముఖి నిలబడిపోయింది. "ఇదేంటమ్మా, జంతుప్రదర్శనశాలా? సాయంత్రంలోగా పై వాటా తీసుకుని అక్కడికి ఎక్కించండి, లేదా ఇక్కణ్ణించి తీయించండి. వచ్చేవాళ్ళు దీన్ని చూస్తే హడిలిపోతారు."

ఆవిడ అటు వెళ్ళగానే టేపయ్య బావమరిది ఇటు వచ్చాడు. ఈ ఊరికి కొత్త. కొరియర్ ఆఫీసులో గుమాస్తా. లోకంలో ఉన్న తెలివిలో సగం తన వాటాకు వచ్చిందని గట్టి నమ్మకం. మోటార్‌సైకిలు కొనడానికి కూడబెట్టిన డబ్బు బ్యాంకులో వేద్దామని జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

"జీతం అలా బతిమాలితే పెంచరు బావా," అన్నాడు, మంచం మీద కాలుమీద కాలేసుకుని కూర్చుని. "గిరాకీ చూపించాలి. నేను కొత్తగా కొట్టు పెడుతున్నానని చెప్పి, నిన్ను ఎక్కువ జీతానికి ఎత్తుకుపోతానంటాను. దెబ్బకి దిగొస్తాడు."

"ఒరేయ్, అక్కడ ఏమీ కొనకు," అంది అక్క.

"నేనా! నన్నెవరు కొనిపించగలరే?"

మధ్యాహ్నం బావమరిది చలవకళ్ళద్దాలు పెట్టుకుని కొట్లోకి దర్జాగా నడిచాడు. టేపయ్య బీరువాల వెనక నక్కి చూస్తున్నాడు.

"నేను కొత్తగా ఫర్నిచర్ కొట్టు తెరుస్తున్నానండీ. మీ టేపయ్య గారు నాకు కావాలి. ఎంతైనా ఇస్తాను."

షావుకారు ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. "శుభం బాబూ! కుర్రవాళ్ళు వ్యాపారంలోకి రావాలి. కొట్టెక్కడ?"

బావమరిది నోటికి ముందుగా ఏదొస్తే అది చెప్పాడు. "రెండు వీధుల అవతల. షట్టరు గది."

"కౌంటరు చేయించారా?"

"కౌంటరా?"

"కౌంటరు లేని కొట్టుకి ఎవరొస్తారు బాబూ? కొనేవాడు దేనిమీద చెయ్యి వెయ్యాలి?" షావుకారు లేచి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్ళు కౌంటర్ల వైపు నడిచారు, అక్కణ్ణించి కుర్చీల వైపు, అక్కణ్ణించి బీరువాల వైపు. బీరువాల వెనకున్న టేపయ్యకు వేళ్ళు కనపడలేదు గాని, టీ వాసన వచ్చింది.

కాసేపటికి బావమరిది వీధి మలుపులో, ముఖం వెలిగిపోతూ అతన్ని కలుసుకున్నాడు.

"బావా, ఏం మనిషి బావా ఆయన! కౌంటరు సగం ధరకే ఇచ్చాడు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి కుర్చీలు, తెరిచిన రోజునే అమ్ముకోడానికి ఆరు బీరువాలు. అడ్వాన్సు కట్టేశాను!"

"నీకు కొట్టేదిరా?"

బావమరిది నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అవును కదూ," అన్నాడు.

"నా జీతం సంగతి?"

"అది కూడా మాట్లాడాను. నీకు పని నేర్పడానికి తనకైన ఖర్చు ఇచ్చేస్తే, రేపట్నుంచి నిన్ను నాకు వదిలేస్తానన్నాడు. సరేనన్నాను. అంటే... నిన్ను కూడా కొనేశాను బావా."

టేపయ్య నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. "ఎంతకి?"

బావమరిది నేల చూపులు చూశాడు. "కౌంటరు కన్నా తక్కువకే."

ఉద్యోగం పోయిన బాధ తర్వాత వచ్చింది. ముందు తగిలింది మాత్రం ఆ కౌంటరే.

ఇద్దరూ ఇంటికెళ్ళి సింహాల మంచానికి చెరో చివర కూర్చుని జరిగింది చెప్పారు. భార్య మెట్టు మీద కూర్చుని వింది. బావమరిది అడ్వాన్సు పోయిందన్నప్పుడు మాట్లాడలేదు. రేపట్నుంచి పని లేదన్నప్పుడూ మాట్లాడలేదు.

"కౌంటరు కన్నా తక్కువకా?" అంది చివరికి.

"షావుకారు అలాగే లెక్క కట్టాడే," అన్నాడు టేపయ్య.

"మీరింతకాలం తెచ్చిన జీతంతో నేను ఈ ఇల్లు నడిపాను. మీ ధర ఎంతో నాకు తెలుసు." ఆవిడ లేచి చీర మార్చుకుంది. జడ బిగించుకుంది. చేతిసంచీ తీసుకుంది. "రండి. మీరు మాత్రం ఏమీ మాట్లాడకండి."

షావుకారు ఆవిణ్ణి చూడగానే మంచి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"మీకు చేతులెత్తి దణ్ణం పెట్టి పోదామని వచ్చానండీ. ఈ రోజుల్లో ఇంత సాయం సొంతవాళ్ళే చెయ్యరు. మా తమ్ముడికి కొట్టు అమర్చి పెట్టారు."

"మీ తమ్ముడా?" షావుకారు కళ్ళజోడు మొదటిసారి ముక్కు మీదినుంచి జారింది.

"అవునండీ. కౌంటరు సగం ధరకిచ్చారు. కుర్చీలిచ్చారు. మొదటి బేరానికి బీరువాలిచ్చారు. ఈ ఊళ్ళో ఎవరి గది ఎంతో, ఎవరింట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉందో, ఎవరి సోఫా కుంగిపోయిందో తెలిసిన మా ఆయన్ని కూడా ఇచ్చేశారు. షట్టరు గది అంటారా, మా ఇంటావిడదే. మీ దగ్గరికొచ్చేవాళ్ళంతా దాని ముందునుంచే రావాలి. ఇక బోర్డొక్కటే తక్కువ. మీ బోర్డు ఎవరు రాశారండీ? అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి."

షావుకారు బోర్డు వంక చూశాడు. తర్వాత టేపయ్య వంక, అతని నడుముకున్న టేపు వంక చూశాడు. పొద్దుటినుంచి తాను చేసిన లాభసాటి బేరాలన్నీ ఒక్కొక్కటే వచ్చి రెండు వీధుల అవతల వరసగా సర్దుకోవడం ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"అమ్మా, కుర్రవాడు తొందరపడ్డాడు. పాపం, సరుకు వెనక్కి తీసుకుంటాలే."

"అయ్యో, మీ బోర్డుకి మాట రాకూడదు కదండీ. వాపసు తీసుకోకండి. కొనుక్కోండి."

ఆ తర్వాత జరిగింది టేపయ్య బతికున్నంతకాలం మరిచిపోడు. ఆవిడ గొంతు పెంచలేదు. కుర్చీల దగ్గర మొదలుపెట్టి, బీరువాల మీదుగా, కౌంటరు దాకా వచ్చింది. ప్రతి వస్తువుకీ మధ్యాహ్నం షావుకారు దాన్ని మెచ్చుకుంటూ ఏమన్నాడో తమ్ముడి ద్వారా విన్న మాటలే ఆయనకు అప్పజెప్పింది. సొంత సరుకు అంత గొప్పదని ఆయనకు అంతకు ముందు తెలియదు. తల ఊపుతూ, అడ్వాన్సు మీద అదనం వేసి మరీ కొన్నాడు.

"ఇక మనిషి," అన్నాడు షావుకారు, నుదురు తుడుచుకుంటూ.

"మేం చవగ్గా కొన్నాం కాబట్టి చవగ్గా అమ్మమని మాత్రం అనకండి."

"ఎంతమ్మా?"

ఆవిడ నెలకు ఎంతో చెప్పింది. అంత మొత్తం అడగాలని టేపయ్య అద్దం ముందు కూడా అనుకోలేదు. షావుకారు నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యి వీధి వైపు తిరిగింది. రెండు వేళ్ళు పైకి లేచాయి.

టేపయ్య పక్కనున్న బీరువాను గట్టిగా పట్టుకున్నాడు. రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

టీ కొట్టాయన రెండు కప్పులు పట్టుకొచ్చి, ఎవరికివ్వాలో తోచక నిలబడ్డాడు. "షావుకారు గారికివ్వండి," అంది ఆవిడ. షావుకారు తాగాడు. కప్పు సగమయ్యేసరికి ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"అమ్మాయ్," అన్నాడాయన, ఖాళీ కప్పు కింద పెడుతూ, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా. "రేపట్నుంచి నువ్వీ కుర్చీలో కూర్చుంటావా?"

తేలిన లెక్క ఇది. బావమరిది డబ్బు పైన కొంత కలుపుకుని తిరిగొచ్చింది, మోటార్‌సైకిలుకు హెల్మెట్ కూడా చేరింది. పై వాటా దక్కింది, సింహాలు తూర్పు కిటికీకి ఎదురుగా కొలువుదీరాయి. టేపయ్య జీతం పెరిగింది. అతని భార్యది మొదటి నెలే అంతకు రెట్టింపు. కొట్లో అందరి జీతాలూ ఇప్పుడు ఆవిడే చూస్తుంది. ఇంతా అయ్యాక, తన పనికి తనకు తక్కువ ముడుతోందేమోనని టేపయ్యకు మళ్ళీ ఈమధ్య అనిపిస్తోంది. అయినా అడగడు. ఆ ఇంట్లో ఇంకో మంచం పట్టదని కొలిచి చూసుకున్నాడు.